ఉప్పు తగ్గని వారాలు

శ్రీనగర్ కాలనీకి నేను మోసుకెళ్లిన మొదటి నీళ్ల సీసా మీద "మంగళవారం, ఉదయం ఆరు, వంటింటి కుళాయి" అని చీటీ రాసి అంటించాను. మా మరదలు తలుపు తీసి, ముందు సీసాను, తర్వాత చీటీని చూసి, "నీళ్ల డబ్బాలు ఏసేటోళ్లు సుత గింత పొద్దుగాల రారు బావా" అంది. లోపల కుర్చీలో మా ఆవిడ పేపరు చదువుతోంది. తల ఎత్తలేదు. పేపరు అంచు కదిలింది కాబట్టి నవ్వు ఆపుకుంటోందని తెలిసింది. ఆ నవ్వు చూసి నాకు అప్పటికి ముప్ఫై నాలుగు రోజులైంది.

పది రోజులుండి వస్తానని వెళ్లిన మనిషి. ఆమెకు చేతులు, మెడ దురద పెట్టి చర్మం పగిలిపోతుంటే సోమాజిగూడలో డాక్టరుకు చూపించాం. ఆయన పూత మందు రాసిచ్చి, బోరు నీళ్లు తగలనివ్వకండి, కొన్నాళ్లు మంచి నీళ్లున్న చోట ఉండండి అన్నాడు. శ్రీనగర్ కాలనీలో ఆమె చెల్లెలి ఇంట్లో మున్సిపాలిటీ నల్లా నీళ్లే వాడతారు. అమీర్‌పేటలో మా అపార్ట్‌మెంటుకు ఆ భాగ్యం లేదు. నల్లా నీళ్లూ బోరు నీళ్లూ ఒకే సంపులో కలుస్తాయి. ఎండాకాలం దాటాక కూడా అందులో ముప్పాతిక బోరు నీళ్లే.

అందుకే నాలుగేళ్ల కిందట వంటింటి వెనక గిన్నెలు తోముకునే వసారాలో సాఫ్ట్‌నర్ పెట్టించాను. మనిషి నడుమెత్తు గొట్టం, దాని పక్కన ఉప్పు తొట్టి. గొట్టంలో ఉండే సన్నటి పూసలు నీళ్లలోని సున్నాన్ని పట్టుకుంటాయి. కొన్ని రోజులకు వాటికి ఇక పట్టుకునే చోటుండదు. అప్పుడు యంత్రం తొట్టిలోంచి ఉప్పునీళ్లు పీల్చి ఆ పూసల్ని కడుక్కుంటుంది. కడిగిన ప్రతిసారీ కొంత ఉప్పు కరిగిపోతుంది కాబట్టి నేను ఆదివారం పొద్దున మూత తీసి చూసి, తగ్గితే పోసి, డైరీలో రాస్తాను. నేను చేయాల్సిన పని అంతే.

డైరీ అలవాటు ఉద్యోగంలో పట్టుకున్నది. ముప్ఫై మూడేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేశాను. ఫలానా ఇంట్లో ఫోను మోగడం లేదని ఫిర్యాదు వస్తే, మా బల్ల దగ్గర కూర్చునే లైను పరీక్షించేవాళ్లం. మా దగ్గర బాగుందని తేలితే చీటీ మీద మూడు ముక్కలు రాసేవాళ్లం: ఫిర్యాదు అందింది, పరిశీలించాను, లోపం లేదు. రిటైరై పన్నెండేళ్లు దాటినా ఆ మూడు ముక్కలు నా చేతిని వదల్లేదు.

ఆషాఢంలో ఒకరోజు మా ఆవిడ తలస్నానం చేసి వచ్చి, నీళ్లు మారినయ్ అంది. నేను తొట్టి మూత తీసి చూశాను. ఉప్పు నిండుగా ఉంది. డైరీలో మూడు ముక్కలు రాశాను. మళ్లీ వారానికి పప్పు ఉడకడం లేదంది. చూశాను, ఉప్పు నిండుగానే ఉంది, రాశాను. మూడోసారి, చేతులు మండుతున్నాయని చెప్పినప్పుడు, నేను చేసిన పని ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. డైరీ తెచ్చి, కళ్లద్దాలు పెట్టుకుని, ఆ పాత రాతలు తేదీలతో సహా ఆమెకు చదివి వినిపించాను.

ఆమె అంతా విన్నది. కోపం తెచ్చుకోలేదు.

"మీ ఎక్స్ఛేంజీల కూసొని చూస్తే ఊర్ల ఉన్న ఫోన్లన్ని మంచిగనే ఉంటయ్," అంది.

మర్నాడే చెల్లెలి ఇంటికి వెళ్లింది. డాక్టరు చెప్పాడు కనుక వెళ్లిందని చుట్టాలకు చెప్పాను. నాకూ అలాగే చెప్పుకున్నాను. పది రోజులు ఇరవై అయ్యాక ఫోన్లో అడిగితే, నీళ్లు బాగైనప్పుడు వస్తా అంది.

ఆమె లేని ఇంట్లో పనులన్నీ వేళకే జరిగాయి. ఐదున్నరకు లేచేవాణ్ణి, ఆరుకు కాఫీ. రెండు గ్లాసులు తీసి ఒకటి మళ్లీ పెట్టేయడం మాత్రం మానలేకపోయాను. ఆమె స్నానానికి వెళ్తే ముందు బకెట్ అడుగున నీళ్లు పడ్డ చప్పుడు, అది నిండుతున్నకొద్దీ మారే చప్పుడు, తర్వాత మగ్గు ముంచిన చప్పుడు, ఇవన్నీ నేను పేపరు చదువుతూ వినేవాణ్ణని ఆ చప్పుళ్లు లేనప్పుడే తెలిసింది. దండెం మీద ఆమె తువ్వాలు ఎండి బిరుసెక్కి అట్టలా నిలబడింది. తీయబుద్ధి కాలేదు.

తోచక పాత డైరీలు తీశాను, ఆమె కోసం వెతికాను. "భార్య యూసుఫ్‌గూడ వెళ్లింది. వర్షం." "భార్యకు జ్వరం. మందు తెచ్చాను." ఇంతే. పెళ్లయిన కొత్తలో సాయంత్రం డ్యూటీ దిగి పంజాగుట్ట కూడలిలో నిలబడితే, ఆమె పుట్టిల్లు యూసుఫ్‌గూడ నుంచి వచ్చి నన్ను కలిసేది. అక్కణ్నుంచి ఇద్దరం అమీర్‌పేటకు నడిచేవాళ్లం. నా కోస్తా మాట విని నవ్వేది. నేను "ఏంటి" అంటే చాలు, "ఏంటి, ఏంటి" అని రోడ్డంతా అప్పజెప్పేది. ఆ నెలల డైరీల్లో డ్యూటీ వేళలున్నాయి, బస్సు నంబర్లున్నాయి, ఆ నడక లేదు. శ్రీనగర్ కాలనీకి ఎల్లారెడ్డిగూడ మీదుగా వెళ్తే దగ్గరని తెలిసినా, సీసా పట్టుకుని నేను మెట్రో స్తంభాల కిందుగా పంజాగుట్ట మీద నుంచే వెళ్లాను. అమీర్‌పేట దాటేలోపు కోచింగ్ సెంటర్ల వాళ్లు నాకూ రెండు కరపత్రాలు ఇచ్చారు.

ఆ మొదటి సీసా నీళ్లు యంత్రం గడియారం సరిచేశాక పట్టినవి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది వెనకబడుతుందని, రాత్రి కడుక్కోవాల్సింది మనం నీళ్లు వాడుకునే పగటిపూట కడుక్కుంటుందని దానితో ఇచ్చిన పుస్తకంలో ఉంది. చూస్తే ఐదు గంటలు వెనక ఉంది. లోపం దొరికిందని సంబరపడ్డాను.

మా ఆవిడ నీళ్లను పరీక్షించే పద్ధతి ఒకటే. గుప్పెడు కందిపప్పు, మూత లేని గిన్నె, సన్న మంట. కుక్కర్ అబద్ధం చెప్తుంది అంటుంది. చెల్లెలి వంటింట్లో నా నీళ్లతో పప్పు పెట్టింది. నేను హాల్లో కూర్చుని గోడ గడియారం చూస్తున్నాను. ముప్పావు గంటకు గరిటెలో నాలుగు గింజలు తెచ్చి నా అరచేతిలో వేసింది. నొక్కితే విరిగాయి తప్ప నలగలేదు.

రెండో సీసాకు వారం పట్టింది. నీళ్లలో సున్నం ఎంతుందో చూసే చుక్కల మందు కొన్నాను. గాజు గొట్టంలో నీళ్లు పోసి ఒక్కో చుక్క వేస్తే, ఎరుపు నీలంగా మారేదాకా ఎన్ని చుక్కలు పడితే అంత సున్నం. సంపు నీళ్లకు ఇరవై ఆరు చుక్కలు పట్టాయి. నాలుగేళ్ల కిందట బిగించినవాడు పద్దెనిమిది లెక్కన పెట్టి వెళ్లాడు. బోరులో నీళ్లు లోతుకు పోయి, సున్నం పెరిగిందని అర్థమై, యంత్రంలో ఆ అంకె పెంచాను. ఇక అది తొందరగా కడుక్కోవాలి. కానీ ఆ వారం చివర కూడా మా కుళాయి నీళ్లకు ఇరవై నాలుగు చుక్కలు పట్టాయి. అయినా సీసా పట్టుకుని వెళ్లాను. పప్పు సంగతి నాకు ముందే తెలుసు. ఆమెకూ తెలిసినట్టుంది, గిన్నె పెట్టనేలేదు. కూర్చోబెట్టి ఉప్మా పెట్టింది. వాచీ పట్టీ వదులైందేం, సరిగ్గా తినడం లేదా అని అడిగింది. తింటున్నానన్నాను.

ఆ తర్వాత మెకానిక్‌ను పిలిపించాను. నా కంటే పదిహేనేళ్లు చిన్నవాడేమో, అనుభవమున్న మనిషి. మీటలు నొక్కాడు, మూత తీసి తొట్టిలోకి తొంగి చూశాడు.

"ఉప్పు మస్తుగుంది సార్. టైము సుత కరెక్టే ఉంది. లోపల పూసలే ఖరాబైనయ్, మొత్తం మార్చాలె."

నేనూ ఆయనతోపాటు తొంగి చూశాను. ఇద్దరం తల ఊపాం. వచ్చే సోమవారం మారుస్తానని వెళ్లాడు.

ఆ సాయంత్రం ఫోన్లో ఈ సంగతంతా వరసగా చెప్పాను. ఆమె అంతా విని అడిగింది.

"ఉప్పుల కట్టె పెట్టి చూసిన్రా?"

"మూత తీసి చూశానుగా. నిండుగా ఉంది."

"కండ్లతోని కాదు. వానకాలం మన ఉప్పు జాడీ ఎట్లయితది? మీద గడ్డ కడ్తది, లోపల గరిటె దిగది. గంత పెద్ద తొట్టిల కట్టదా? అంచుదాంక పొయ్యద్దని మీకు ఎన్నిసార్లు చెప్పిన."

చెప్పింది. ఆ మాట ఏ డైరీలోనూ లేదు.

పొద్దున్నే బూజు కర్ర తెచ్చి, దాని వెనక కొసను కడిగి ఉప్పులో గుచ్చాను. జానెడు కూడా దిగలేదు. రాయిలా ఉంది. రెండు చేతులతో బలంగా పొడిచాను. మూడో పోటుకు ఉప్పు పెళ్లుమని విరిగి, కర్రతోపాటు నా చేయి భుజందాకా లోపలికి పోయింది, నేను తొట్టి మీదకి పడబోయాను. కింద ఏమీ లేదు. పైన జానెడు మందాన ఉప్పు పలక, దాని కింద ఖాళీ, అడుగున ఉప్పంటని నీళ్లు. యంత్రం చెప్పిన వేళకల్లా ఆ నీళ్లే పీల్చి పూసలను కడిగినట్టు చేస్తూ వచ్చింది.

గడ్డలు పగలగొట్టి, చేతికందినవి తీసి, వేడి నీళ్లు పోసి మిగతావి కరిగించాను. తొట్టి కడిగి సగానికి మాత్రమే కొత్త ఉప్పు పోశాను. ఉప్పునీళ్లు ఊరేదాకా నాలుగు గంటలు ఆగి, మీట నొక్కి చేత్తోనే కడిగించాను. తొట్టిలో నీటిమట్టం మెల్లగా దిగడం స్టూలు వేసుకుని చూశాను. పూసలు పూర్తిగా కోలుకోవాలని మర్నాడు ఇంకోసారి కడిగించాను. ఆ సాయంత్రం గాజు గొట్టంలో మొదటి చుక్క వేయగానే నీలం వచ్చింది. సోమవారం రానక్కర్లేదని మెకానిక్‌కు ఫోను చేశాను.

వెంటనే ఆమెకు చెప్పాలనుకున్నాను. కానీ అంతకుముందు డైరీ తెరిచాను. ఆషాఢం నుంచి వరసగా పదకొండు ఆదివారాలు: "ఉప్పు తగ్గలేదు." రెండు చోట్ల పక్కనే, "యంత్రం బాగా పనిచేస్తోంది" అని కూడా ఉంది. ఉప్పు తగ్గకపోవడమే లోపం. పదకొండు వారాలు నా చేత్తో నేనే ఆ లోపం రాసుకుని, అదే పుస్తకం తెచ్చి ఆమెకు సాక్ష్యంగా చదివాను. ఆమె చేతులు నా కళ్ల ముందే ఎర్రబడి ఉన్నాయి. వాటిని పట్టుకుని చూసినట్టు ఎక్కడా లేదు. రాయలేదా, చూడలేదా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

డైరీలో ఒకసారి రాసింది నేను ఎన్నడూ కొట్టేయలేదు. అప్పుడూ కొట్టేయలేదు. మూడో ఫిర్యాదు కింద మిగిలిన ఖాళీలో రాశాను: "ఆమె చెప్పింది నిజం. లోపం ఉంది. నేను కర్ర పెట్టి చూడలేదు. చేతులు కూడా చూడలేదు."

మర్నాడు మూడో సీసాతోపాటు డైరీ కూడా సంచిలో పెట్టుకుని వెళ్లాను. మరదలు నా మొహం చూసి పక్కకు జరిగి దారిచ్చింది. మా ఆవిడ పప్పు పొయ్యి మీద పెట్టి వచ్చి కూర్చుంది. ఆ పేజీ తెరిచి చేతికిచ్చాను. చదివి వినిపించలేదు. ఆమె కళ్లద్దాలు తెచ్చుకుని చదివింది. ఒకసారి చదవడానికి పట్టేదానికంటే ఎక్కువసేపే పట్టింది.

"తారీఖు ఎయ్యలే," అంది.

నిజమే. నలభై ఐదేళ్లలో తేదీ వేయకుండా నేను రాసింది అదొక్కటే. కలం తీయబోతే వద్దని చేయి అడ్డం పెట్టింది. ఆ చేతిని పట్టుకుని చూశాను. వేళ్ల సందుల్లో పగుళ్లు మానాయి. మణికట్టు దగ్గర ఇంకా కాస్త ఎరుపు ఉంది. ఆమె చేయి వెనక్కి తీసుకోలేదు. మరదలు వంటింట్లోకి వెళ్లింది, అక్కణ్నుంచే, పప్పు వెన్నలెక్క అయిందక్కా, ఇగ దించనా అని అడిగింది.

తిన్నాక మా ఆవిడ నా ఖాళీ సీసాలు మూడూ కడిగి సంచిలో పెట్టింది. ఇక తేవద్దంది. సంచి అందుకోబోయాను. అందుకోనివ్వకుండా, గూట్లోంచి పూత మందు గొట్టం, దువ్వెన తెచ్చి సీసాల మధ్య దోపింది. తర్వాత మడతపెట్టిన చీరలు తెచ్చింది.

"ఆటో పిలువుండ్రి. గింత సామానుతోని పంజాగుట్ట చుట్టూ నేను నడవ."

ఆ దారిన వస్తున్నానని ఆమెకు నేనెప్పుడూ చెప్పలేదు.

ఇంటికి వచ్చాక చెప్పులు విడిచి నేరుగా వసారాలోకి వెళ్లింది. దండెం మీది తువ్వాలు తీసి భుజాన వేసుకుంది. తొట్టి మూత తీసి, మూలనున్న కర్ర అందుకుని ఉప్పులో గుచ్చింది. అది అడుగుదాకా దిగి టక్కున తగిలింది. ఇంకో రెండు చోట్ల కూడా గుచ్చి చూసింది. మూత పెట్టి నా వైపు తిరిగింది.

"ఇగ రాసుకోండ్రి," అని స్నానానికి వెళ్లింది.

నేను హాల్లో డైరీ తెరిచి కూర్చున్నాను. బకెట్ అడుగున నీళ్లు పడ్డ చప్పుడు వినిపించింది. అది నిండేదాకా కలం మూత తీయలేదు.