నల్లట్ట పుస్తకంలో పేర్లు

మా సార్ పోయినారు. పోయిన నెల, కడపలో. నేను కర్నూలులో కాలేజీకి బయలుదేరి చెప్పులు వేసుకుంటా ఉంటే ఆయన కొడుకు ఫోన్ చేసి, "అక్కా, నాయన లేడు" అన్నాడు. సిగ్గు విడిచి చెప్తున్నా, ఏడుపు కంటే ముందు నాకు నల్లట్ట పుస్తకం గుర్తుకొచ్చింది. ఒక కాలి చెప్పుతోనే మెట్టు మీద కూర్చున్నాను.

ఆ పుస్తకమేందో చెప్పాలంటే మా పని చెప్పాల. సార్ సమాజశాస్త్రం చెప్పేవారు, నేను ఆయన కింద పరిశోధన చేసినాను. దేవుణ్ణి నమ్మేవాళ్ళు, నమ్మనివాళ్ళు మంచీచెడ్డా ఎట్లా తేల్చుకుంటారో ఊరూరా తిరిగి అడగాల. మొదటి రోజే నాకు చెమటలు పట్టినాయి. ఒకరింట్లో కూర్చోని "మీరు దేవుణ్ణి నమ్ముతారా" అంటే కాఫీ ఇస్తారా, కర్ర తీస్తారా? సార్ నవ్వి, "నాకూ భయమేనమ్మా. భయపడేవాడే జాగ్రత్తగా అడుగుతాడు" అన్నారు.

ముందు వానల గురించి, బోరులో నీళ్ళ గురించి మాట్లాడేవారు. టీ ఇస్తే ఆ ఇంటాయన తాగేదాకా ముట్టేవారు కాదు. అత్త ఇంట్లో ఉంటే కోడల్ని ఆ ప్రశ్న అడగనిచ్చేవారు కాదు. ఆ ఒక్క ప్రశ్న కోసం రెండోసారి బస్సెక్కి పోయిన రోజులున్నాయి. ఆ ఎండలో నాకు ఒళ్ళు మండేది.

బేతంచెర్లలో బండలు పాలిష్ చేసే చోట, తెల్ల దుమ్ములో, ఒక కూలాయనను సార్ అడిగినారు. "దేవుడు చూడడనుకో. మనుషులూ చూడరనుకో. అప్పుడు కూడా నువ్వు చేయని పని ఏదప్పా?" ఆయన బీడీ అయిపోయేదాకా ఆలోచించి, "ఇద్దరం బండ దించేటప్పుడు అవతలోడి చేయి కింద ఉంటే నా పక్క ఇడ్సను సార్" అన్నాడు. సార్ ఆ పూట ఇంకెవరినీ అడగలేదు.

జవాబులు రాసుకునే కాగితాల మీద పేర్లు ఉండకూడదు, అంకెలే. ఏ అంకె ఎవరిదో నల్లట్ట పుస్తకంలో రాసి సార్ బీరువాలో పెట్టేవారు. పని అయిపోయినాక కాల్చేద్దాం సార్ అని నేనెంత మొత్తుకున్నానో! "పదేండ్లకు మళ్ళా వీళ్ళనే అడగాల. మనిషి ఎంత మారినాడో చూడాల" అని దాచుకున్నారు. అంత జాగ్రత్త మనిషికి ఆ ఒక్క ఆశ. దేవుడిలాంటి మనిషే, కాదనను. కానీ ఆ సంగతిలో ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఎందుకంటే ఆ పుస్తకంలో ఒకాయన ఉన్నాడు. దేవుడి పనిలో ఉండే మనిషి. గుడా, దర్గానా, చర్చా అడగొద్దు. ఆ రోజు మా వెంట బస్టాపు దాకా వచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి చెప్పినాడు. "నమ్మకం పోయి శానా ఏండ్లాయ సార్. ఇంట్లో ఆమెకు కూడా తెలీదు. కానీ వచ్చేటోళ్ళ భయం నిజమే కదా. వాళ్ళను ఇడ్సిపెట్టి యాడికి పోదును?" బస్సులో సార్ నాతో అన్నారు, "ఒకరు మన దగ్గర మాట పెట్టినారంటే అది మన మాట కాదమ్మా. పోగొడితే పోయి చెప్పాల."

మూడో దినం అయినాక సార్ కొడుకును పక్కకు పిలిచి అడిగినాను. "నల్లట్టదా? నాయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు, ఇంటికి తెస్తే మంచం వేయడానికి జాగా లేక పాత కాగితాలన్నీ అమ్మేసినామక్కా" అన్నాడు. వాణ్ణి ఏమని తిట్టేది? పాత కాగితాల అంగడాయన, "లారీకి ఏసినాం. కొంచెం బజ్జీల బండోళ్ళు పట్టుకపోయినారు" అన్నాడు. ఇంక చూడండి నా తిప్పలు! బండి బండికీ పోయి బజ్జీలు కొనుక్కోని, నూనె కారే కాగితాలు విప్పి చదువుకున్నాను. ఒకటి సార్ చేతిరాత మాదిరే కనబడింది. బండి దీపం కింద పట్టి చూసినాను. ఎవరో పిల్లోడి లెక్కల నోటుబుక్కు.

దొరకలేదు. లారీలో పోయి గుజ్జయిపోయిందో, ఎవరి చేతుల్లో ఉండాదో! అందులో ఉన్నవాళ్ళలో నాకు గుర్తున్న అందరికీ చెప్పాల. మొదట ఆ దేవుడి పనిలో ఉండే ఆయన దగ్గరికే పోయినాను. అంకెను బట్టి జవాబు ఎవరిదో తెలిసి, ఈ మాట ఊర్లో పడితే తన్ని తరిమేస్తారు ఆయన్ని. బస్సులో రెండుసార్లు దిగిపోదామనుకున్నాను.

నన్ను గుర్తుపట్టి, "సార్ బాగుండారామ్మా?" అన్నాడు.

"పోయినారు. పేర్ల పుస్తకం కూడా పోయింది. యాడుందో తెలీదు. క్షమించండి."

ఆయన ముఖం పాలిపోయింది. ఏదో అడగబోయినాడు. అంతలో జనం వచ్చి వరసగా నిలబడినారు. ఆయన అందరికీ మాదిరే నాకూ చక్కెర పెట్టినాడు. నా ముఖంలోకే చూస్తా సగం కింద పోసినాడు. నా వెనక జ్వరం బిడ్డను ఎత్తుకోని ఒకామె ఏడుస్తాంది. అదే చేతిని బిడ్డ నెత్తిన పెట్టి, "భయపడాకు తల్లీ, ఏం కాదు" అన్నాడు. ఆమె ఏడుపు ఆపి, కొంగుతో ముఖం తుడుచుకుంది.