జాబితాలో ఒకటో పేరు

రేపు రిలే నిరాహార దీక్షలో కూర్చోబోయే మా కాలేజీ విద్యార్థుల పేర్లను నిన్న మా ఉద్యమ వెబ్ పేజీలో పెట్టాను. ఉద్యమంలో ఎవరూ ఎక్కువ కాదు, ఎవరూ తక్కువ కాదు కనుక అక్షరక్రమమే న్యాయమని అందరితో పోట్లాడి మరీ ఒకటి నుంచి పదకొండు దాకా అంకెలు వేశాను. 'అ'తో మొదలయ్యే పేరున్న మిత్రుడు ఒకటో అంకె దగ్గరికి వచ్చాడు. ఆ పేరు ఇక్కడ మళ్లీ రాయను.

ఈ మధ్యాహ్నం సిద్దిపేట బస్టాండు దగ్గరి నెట్ సెంటరుకు వెళ్లగానే, దాన్ని నడిపే యాదగిరన్న నన్ను పక్కకు పిలిచాడు.

"మఫ్టీల ఒక పోలీసాయన వచ్చి మీ పేజీ ప్రింటు తీస్కపోయిండు చెల్లె. గా అంకెలెందుకేసినవ్? కేసు రాసేటోళ్లకు ముందల ఉన్నోడే ఏ-వన్, మొదటి ముద్దాయి."

వెంటనే కూర్చుని అంకెల జాబితాను చుక్కల జాబితాగా మార్చాను. కోడ్‌లో జాబితాకు ముందొకటి, చివరొకటి అక్షరం మారిస్తే చాలు. ఆ రెండక్షరాలు కొట్టడానికే నా వేలు మూడుసార్లు తప్పింది.

మిత్రుడికి ఫోన్ చేసి చెబితే నవ్వాడు. "జిందగీల మొదటిసారి ఫస్టొచ్చిన. గిది గూడ ఓర్వవా నువ్వు?" తర్వాత గొంతు తగ్గించి, "మా అమ్మీకి మాత్రం చెప్పకు" అన్నాడు.

తెర మీద ఇప్పుడు అందరి ముందూ ఒకే చుక్క ఉంది. వాళ్లు పట్టుకెళ్లిన కాగితం మీద మాత్రం అతడింకా ఒకటోవాడే. ప్రతి వాదనలోనూ మొదటి స్థానం కోసం కొట్లాడే నేను, అంకెలు తిరిగి వేసి ఒకటి దగ్గర నా పేరు పెట్టాలని సాయంత్రం నుంచీ అనుకుంటున్నాను. ఇంకా పెట్టలేదు. భయంగా ఉంది. మీరైతే పెడతారా?