కంచరగాడిదల సిపాయి

మా కాక సెలవు మీద వచ్చినప్పుడల్లా కంచం ముందు కూర్చుని, "బర్రెకు మేత ఏసిండ్రా?" అని అడిగేవాడు. వేశామంటేనే అన్నం కలిపేవాడు. సైన్యంలో ఆయన పని, కొండల మీది పోస్టులకు కంచరగాడిదలపై సరుకు చేరవేయడం.

రిటైరై వచ్చిన రోజు చొప్పదండిలో ఆయన్ను డప్పులతో జీపులో ఊరేగించి, దండలు వేసి, స్టేజీ ఎక్కించారు. జనంలోంచి ఎవరో అడిగారు.

"కాకా, ఎంతమందిని కాల్చినవు?"

"ఒక్కర్ని గూడ కాల్చలే."

కొందరు నవ్వారు. కాక నొచ్చుకోలేదు.

"ఒకపారి మంచు పడి తొవ్వ మూసుకపోయింది. పైన పోస్టుల మనోళ్లకు తిండి అయిపోయింది. నా కంచరగాడిద నడుమ తొవ్వల నిలవడ్డది. నేను కొట్టలే. దాని బరువుల సగం నా వీపుకు కట్టుకొని ముంగట నడిచిన. అది నా ఎంబడి వచ్చింది. మేము పోయేసరికి పైనున్నోళ్లకు లేశే సత్తువ గూడ లేదు. అందరు బతికిండ్రు."

నలుగురూ నవ్వుతారని ఇన్నేళ్లూ తమ్ముణ్ణి మిలిటరీ డ్రైవరని చెప్పుకున్న మా బాపు, ఒక్కసారిగా లేచి మైకు అందుకున్నాడు.

"ఇనుండ్రి! మా తమ్ముడు కంచరగాడిదలు తోలిండు!" అని గొంతు చించుకొని అరిచాడు.

ఎవరూ చెప్పకుండానే డప్పులవాళ్లు దరువు అందుకున్నారు.