రెండూ కుడిచేతివే

సెల్బూ అనే ఊళ్ళో ఎవరినడిగినా గున్వోర్ అల్లే చేతి తొడుగుల గురించి చెబుతారు. పైవైపు తెల్ల ఉన్ని మీద నల్ల ఉన్నితో ఎనిమిది రేకుల పువ్వు, అరచేతి వైపు చిన్న చిన్న గళ్ళు. లెక్కల ఊసు మాత్రం ఆమె దగ్గర ఎత్తకూడదు. పదహారో ఏట లెక్కల్లో తప్పిన మనిషి, యాభై నాలుగో ఏడు వచ్చేదాకా మళ్ళీ ఆ పుస్తకం మొహం చూడలేదు. వృద్ధాశ్రమం వంటగదిలో జావ కాస్తూ ఇరవై రెండేళ్ళు గడిపేసింది. పై అంతస్తులో మంచాన పడ్డవాళ్ళ పక్కన కూర్చుని, ఆ జావ తన చేత్తో తినిపించాలని ఆమె కోరిక. దానికి సంరక్షకురాలి సర్టిఫికెట్ కావాలి. ఆ సర్టిఫికెట్ రావాలంటే లెక్కలు పాసవ్వాలి. కాకపోతే మిగిలిన ఉద్యోగమంతా జావ గరిటెతోనే.

అందుకని మంగళ, గురువారాల్లో పెద్దవాళ్ళ బడికి వెళ్ళింది. పాఠం చెప్పే ఎస్కిల్‌కి నిండా ముప్పై లేవు. అక్కడ పాఠం వింటూ అల్లుకోవడం తప్పు కాదు. ఊరికే చేతులు ముడుచుకు కూర్చున్నవాళ్ళనే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. చలికాలమంతా ఆమె సూదులు ఆడుతూనే ఉన్నాయి, బుర్ర మాత్రం కదల్లేదు. స్థానాంతరణం, పరావర్తనం, భ్రమణం అన్న మాటలు బోర్డు మీద కనబడితే చాలు, కళ్ళు అల్లిక మీదికి దించేసుకునేది.

ఒక గురువారం పుస్తకాన్ని సంచిలో కుక్కేసి లేచింది.

"ఇది నా వల్ల కాదు బాబూ. నా వంటగదికి నేను పోతా."

"వెళ్ళండి, ఎవరొద్దన్నారు?" అన్నాడు ఎస్కిల్. "ఒక్కటి చెప్పి మరీ వెళ్ళండి. మీరు చూసి అల్లే గళ్ళ కాగితం మీద ఒక్క తొడుగు బొమ్మే ఉంది. రెండోది ఎలా అల్లుతారు?"

"ఇదేం ప్రశ్నయ్యా? మొదటిదానికి కాగితం ఎటునుంచి చదివానో, రెండోదానికి అవతలి వైపునుంచి చదువుతా. లేకపోతే రెండిటికీ బొటనవేలు ఒకే పక్కకి రాదూ?"

"దాన్నే పరావర్తనం అంటారు."

గున్వోర్ నిలబడిపోయింది. "ఈ ముక్క బడి మొదలైన అక్టోబరులోనే చెప్పడానికి నీకు నోరు రాలేదా?" అని మళ్ళీ కూర్చుంది.

జూన్‌లో మౌఖిక పరీక్ష. చూపించి చెప్పడానికని కొత్త జత అల్లింది. భయంతో చేసిన పని ఎలా ఉంటుందో అలాగే ఉంది. ట్రోండ్‌హైమ్ పట్నం నుంచి వచ్చిన పరీక్షకురాలి ముందు బల్ల మీద పరిచి చూస్తే, రెండూ కుడిచేతివే. రెండోదానికి కూడా కాగితాన్ని అదే వైపునుంచి చదివేసింది. సెల్బూ ఆడది చేయకూడని తప్పు ఇది. చేస్తే అత్తగారి వైపు మూడు తరాలు చెప్పుకు నవ్వుతారు. గున్వోర్ చెవులు ఎర్రబడ్డాయి. పక్కన కూర్చున్న ఎస్కిల్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఎలా జరిగిందిది?" అంది పరీక్షకురాలు.

"ఉన్నదాన్ని ఉన్నట్టు పక్కకి నెట్టానండి. స్థానాంతరణం. అద్దంలో బొమ్మలా తిరగెయ్యాల్సింది, మర్చిపోయాను."

"బల్ల మీద గుండ్రంగా తిప్పితే?"

"ఎంత తిప్పినా కుడిది కుడిదే. భ్రమణం పనికిరాదు. బోర్లా వేశారనుకోండి, పువ్వు కిందికి పోయి గళ్ళు పైకొస్తాయి."

"అయితే ఎడమచేతికి పనికొచ్చే దారే లేదంటారా?"

ఎస్కిల్ ఇటు తిరిగాడు. అది పుస్తకంలో లేని ప్రశ్న. గున్వోర్ రెండో తొడుగుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత తొడుగులోకి చెయ్యి పెట్టి లోపలిదంతా బయటికి లాగింది, బొటనవేలితో సహా. ఎడమచేతికి తొడుక్కుంది. సరిగ్గా సరిపోయింది.

"అదిగో, ఎడమదైపోయింది. కాకపోతే లోపలి పోగులన్నీ బయటపడి చూడ్డానికి దరిద్రంగా ఉంది."

పరీక్షకురాలు దాన్ని అడిగి తీసుకుని, రెండుసార్లు తిరగేసి తన చేతికే తొడిగి చూసుకుంది. "నాకిది తట్టలేదు సుమండీ," అంది.

పావుగంట తర్వాత వరండాలోకి వచ్చి మార్కు చెప్పారు. ఆరుకి అయిదు. గున్వోర్ బెంచీ మీద కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది.

"అయిదొస్తే ఏడుస్తారా ఎవరైనా?" అన్నాడు ఎస్కిల్ కంగారుగా.

"మార్కుకి కాదయ్యా," అందామె ముక్కు తుడుచుకుంటూ. "చిన్నప్పటి బడిలో బోర్డు దగ్గర నేను తప్పు చేసినప్పుడల్లా, పోయి కూర్చో అన్నారే గానీ, ఎలా జరిగిందిది అని ఒక్కళ్ళూ అడగలేదు."