పనుల టీచరు

ప్రత్యేక అవసరాల పిల్లల బడిలో ఆమెను అందరూ పనుల టీచరు అంటారు. చివరి ఏడాది విద్యార్థులను రకరకాల చోట్లకు తీసుకెళ్లి, ఎవరికి ఏ పని నప్పుతుందో చూడటం ఆమె ఉద్యోగం. ఎవరినైనా పంపేముందు తానొక రోజు ఆ పని చేసి చూస్తుంది. యజమానులు విద్యార్థిని వదిలేసి ఆమెనే ప్రశ్నలడుగుతారు. అప్పుడామె కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చుంటుందే తప్ప జవాబు చెప్పదు.

మొన్న బైండింగు షాపులోనూ అంతే. మాట తడబడే ఒక అమ్మాయి, చేతికర్రతో వచ్చి, అక్కడ వారం రోజులు పుస్తకాలు కుట్టింది. ఆ షాపాయన్ని ఒప్పించడానికి టీచరు మూడు నెలలు కాళ్లరిగేలా తిరిగింది.

"పని శుభ్రంగా ఉంది మేడం. వచ్చే నెల నుంచి పంపిస్తారా?" అని టీచరునే అడిగాడాయన. కూతుర్ని తీసుకెళ్లడానికి వచ్చిన తల్లి ముఖం చేటంతయింది. టీచరు కళ్లజోడు తీసింది. అమ్మాయికి మాట కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. తల్లి అందుకోబోతే టీచరు ఆమె చేయి మెల్లగా నొక్కింది.

"నాకు... వద్దండీ. జిగురు వాసనకి తల తిరుగుతోంది. అంతకుముందు చేసి చూసిన మొక్కల నర్సరీలో పని నచ్చింది."

"చేతికందింది కాలదన్నుకుంటావటే?" అంది తల్లి.

"మనం మానేస్తే ఉద్యోగం మారామంటాం. వీళ్లు వద్దంటే కాలదన్నుకోవడమా అమ్మా?" అంది టీచరు. షాపాయనకు నమస్కారం పెట్టి, అమ్మాయితో పాటు మెట్లు దిగింది.

"నర్సరీ ఆయన్ని నీకు ఉద్యోగమిమ్మని నేనడిగితే కుదరదన్నాడు. ఈసారి నువ్వే అడుగుతావా?"

"అడుగుతా," అంది అమ్మాయి, తడుముకోకుండా.