ఎండ వండిన చెంబెడు నీళ్లు

మా ఆయన సైన్సు మాస్టారు. ఎడారి దేశాల్లో సముద్రపు నీళ్లను ఎండతోనే మంచినీళ్లు చేస్తున్నారని ఫోన్‌లో చూసిన రోజు నుంచి ఆయనకు కాలు ఒకచోట నిలవలేదు. సూర్యాపేటకు సముద్రం ఎక్కడిదండీ అంటే, "సముద్రమెందుకు, మన బోరు లేదా?" అన్నారు. నిజమే. చేలో కట్టుకున్న ఇంటికి ఆ బోరే దిక్కు. ఆ నీళ్లకు పప్పు కూడా ఉడకదు.

అసలు సంగతి మా అత్తమ్మ మోకాళ్లు. ఆ నీళ్లలోని ఫ్లోరైడ్‌తోనే బిగుసుకుపోతున్నాయనీ, ఇంకా తాగితే మంచం పట్టడమేననీ దవాఖానలో గట్టిగా చెప్పారు. క్యాన్ తెప్పిస్తే ఆమె ముట్టదు. "నీళ్లు కొనుక్కొని తాగేటంత గతి తప్పిందా?" అంటుంది.

మా ఆయన డాబా మీద నల్లరంగు వేసిన తొట్టి పెట్టి, పైన ఏటవాలుగా అద్దం బిగించారు. నేను వడియాలు పెట్టుకునే చోటు కాస్తా పోయింది. బోరు నీళ్లు ఎండకు ఆవిరై, అద్దం లోపల చెమటలా పట్టి, జారి గిన్నెలో పడతాయి. పొద్దంతా కాస్తే ఒక చెంబెడు. మే నెలలో జనం మాడిపోతుంటే, ఈయనొక్కరే "ఇంకొంచెం కాస్తే బాగుండు" అని ఆకాశం వంక చూసేవారు. ఏం మనిషో!

తీరా ఆ చెంబెడూ అత్తమ్మ తాగితేనా! గడప తొక్కినవాళ్లకు ముందు నీళ్లివ్వాలి. ఇంట్లో మంచివి ఉండగా బోరువి ఇస్తుందా? పాలాయనకు ఇచ్చింది. ఎరువుల సంచులు దించిన ఆటో అతనికి ఇచ్చింది. అతను ఒక్క గుక్క తాగి మొహం చిట్లించాడు. "గిదేంది పెద్దమ్మా, గింత సప్పగున్నయ్?" అని మిగిలినవి బండి బ్యాటరీలో పోసుకున్నాడు.

"అమ్మా, గవి నీకోసం చేస్తున్న!" అని ఆయన మొత్తుకున్నారు.

"ఇంటికొచ్చినోళ్లకు ఉప్పునీళ్లిచ్చి, మంచియి నేను తాగుతనారా? నలుగురు నవ్వరా?" అందామె. మోకాళ్లు ఆమెవి, మర్యాద ఊరందరికీ. నాకు ఒళ్లు మండింది.

నాది కోదాడ, అంత తేలిగ్గా వదిలేదాన్ని కాను. వాదిస్తే లాభం లేదని తెలిసి వేరే ఉపాయం ఆలోచించాను. మర్నాడు ఆమె మిర్యాలగూడలో కూతురింటికి పోయి సాయంత్రం బస్సు దిగి వచ్చింది. గడప దాటకముందే చెంబుతో ఎదురెళ్లాను. "అత్తమ్మా, ఎండన పడి వచ్చారు. ముందు ఇవి తాగండి."

ఎదురొచ్చిన నీళ్లను కాదనడం ఆమె వల్ల కాదు. నా తెలివికి నేనే మురిసిపోతున్నాను.

గటగటా తాగేసింది. సప్పగా ఉన్నాయని అనలేదు. ఖాళీ చెంబు నా చేతికివ్వకుండా అలాగే పట్టుకుని నిలబడింది.

"ఈ ఇంటికి కోడలై వచ్చిన కాన్నుంచి నాకు నీళ్లు ఎదురు తెచ్చినోళ్లు లేరు బిడ్డా," అంది. "రేపు గూడ తెస్తవా?"