బొప్పాయి చెట్టు మీద తెల్లబూజు

ఇంట్లో పట్టుపురుగులు ఉన్నన్నాళ్లు మనుషులకు విలువ తక్కువ. షెడ్డులోకి పోవాలంటే చెప్పులు విడిచి, సున్నప్పొడిలో కాళ్లు అద్దుకోవాలి. పరాయివాళ్లు అడుగు పెట్టకూడదు. మా బావకు కూడా వాకిట్లోనే కాఫీ.

పురుగుల శాస్త్రవేత్త మేడమ్ వచ్చినా నాయన బయటే నిలబెట్టాడు. ఆమె చూపంతా షెడ్డు పక్కనున్న బొప్పాయి చెట్టు మీదే. ఆకుల అడుగున దూదిలాంటి బూజు. అది బూజు కాదట, సముద్రాలు దాటి వచ్చిన, ఆకుల రసం పీల్చే పిండినల్లి అట. గాలికి మల్బరీ తోటలోకి దిగుతుంది, చెట్టు కొట్టి కాల్చేయమంది.

"గోరంట్ల నుంచి మా ఊరికి బస్సే రాదు మేడమ్. ఇది సముద్రం దాటి ఎట్ల వచ్చిండాది?" అన్నాను.

వాకిట్లో అందరూ నవ్వారు. కాపు మీదున్న చెట్టును ఎవరు కొడతారని నాయన రెండు పండ్లు కోసి ఆమె సంచిలో వేశాడు. ఆ నవ్వును నేను వారం రోజులు నెమరేసుకున్నాను.

పురుగులు నాలుగో జ్వరం నుంచి లేచాయి. జ్వరమంటే జబ్బు కాదు, పొర విడిచే నిద్ర. లేచాక వారం రోజులు ఆగకుండా తింటాయి. ఆ తిండే పట్టుగూడవుతుంది. మూడో రోజు పొద్దున ఆకు కోయబోతే చిగుళ్లు ముడుచుకుని ఉన్నాయి. ఒకటి విప్పాను. వేళ్లకు తెల్లపిండి, పసుపుపచ్చ తడి. పక్క కొమ్మకూ అదే, తోట చివరిదాకా అదే. మందు కొడితే ఆ ఆకు తిని పట్టుపురుగులు చస్తాయి, కొట్టకపోతే ఆకే మిగలదు. ఒంటి మీద ఏదో పాకినట్టయి చొక్కా అక్కడే విప్పి పారేశాను. అలా నిలబడిన నన్ను చూసుకుంటే నవ్వు రావాలి. షెడ్డుకు పరిగెత్తాను.

షెడ్డులో వేలకొద్దీ పురుగులు తలలెత్తి, గాల్లో ఆకు కోసం వెతుకుతున్నాయి.

"ఆయమ్మకు ఫోన్ చెయ్యప్పా" అన్నాడు నాయన.

సాయంత్రానికి ఆమె చిన్న డబ్బా తెచ్చింది. అందులో ఆవగింజకన్నా చిన్న ఈగలు. పిండినల్లి ఒంట్లో గుడ్లు పెడితే, పిల్లలు దాన్ని లోపలి నుంచి తినేస్తాయట.

"ఇవి యా దేశంవమ్మా?" అన్నాడు నాయన.

"దాని దేశంవే అన్నా."

ఏదైనా అంటానేమోనని అందరూ నా వైపు చూశారు. ఈ పంట నిలుస్తుందా అని మాత్రం అడిగాను. నిలవదంది, ఈగలు పెరిగేది వచ్చే పంటకేనంది.

నాయన గొడ్డలి తెచ్చాడు. ఆమె బొప్పాయి చెట్టుకు అడ్డం నిలబడింది. "ఇప్పుడు కొట్టొద్దన్నా. ఈగలు పెరగాల్సింది దీని మీదనే."

మూత నన్ను తీయమంది. ఊపిరి బిగబట్టి తీశాను. ఒక ఈగ నా మణికట్టు మీద వాలి, కాసేపు ఆలోచించుకుని చెట్టెక్కింది.

నాయన గొడ్డలి గోడకు ఆనించి, పురుగులను ఎత్తి పారేయడానికి గంప తీసుకున్నాడు. షెడ్డు గడప దగ్గర చెప్పులు విడిచి, ఎప్పటిలాగే సున్నంలో కాళ్లు అద్దుకుని లోపలికి పోయాడు.